మెడపూసలు

నేను రాళ్ల చదువు చదవడానికి కారణం ఒక కోడి.

ఐదేళ్లు ఉంటాయేమో నాకప్పుడు. పెరట్లో గంప కింద గుడ్లు పగిలి కోడిపిల్లలు లేచాయని అమ్మ ఎవరితోనో చెబుతుంటే విని, చూద్దామని గంప ఎత్తాను. ఆ తర్వాతది సరిగా గుర్తులేదు. రెక్కల చప్పుడు, ముఖానికి వేడివేడిగా ఏదో వచ్చి కొట్టుకోవడం, నోట్లో ఈకలు, అంతే. కుడి కనుబొమ్మ చివర గాటు పడింది. కంటికి తగల్లేదు, అదే పదివేలన్నారు అందరూ. అమ్మ నన్ను దర్గాకు తీసుకుపోయి భయం దిగడానికి తాయెత్తు కట్టించింది. కొన్నాళ్లకు దారం చీకిపోయి తాయెత్తు ఎక్కడో జారిపోయింది. భయం మాత్రం దిగలేదు.

పెద్దయ్యాక అది తగ్గాల్సింది పోయి ముదిరింది. చికెన్ అంగళ్లున్న సందులోకి పోవాల్సి వస్తే వెనక వీధి చుట్టి పోయేదాన్ని. మిద్దె మీద పావురం వాలితే బట్టలు ఆరేయకుండానే దిగివచ్చేదాన్ని. ముక్కు కంటే కూడా కాళ్లు నన్ను ఎక్కువ భయపెట్టేవి. పొలుసులు కట్టిన ఆ కాళ్లు, ఎత్తినప్పుడు ముడుచుకుని, దించేటప్పుడు మెల్లగా విచ్చుకునే ఆ వేళ్లు. ఎవరికి చెప్పుకుంటాను? కాలేజీ చదివే ఆడపిల్ల కోడికి భయపడుతుందంటే నవ్వరా?

మా నాయన నాపరాయి కోసే యార్డులో పనిచేసేవాడు. "రాయి శానా మేలు పాపా. మనం మీదేసుకుంటే తప్ప అదేం చెయ్యదు," అనేవాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది. డిగ్రీలో జంతుశాస్త్రం వైపు పోకుండా జియాలజీలో చేరాను. పీజీ కూడా అందులోనే చేశాను. పరిశోధనకు సీటు వచ్చినప్పుడు మా మేడం శిలాజాల మీద పని చేస్తావా అని అడిగారు. శిలాజమంటే ఎముకే, కానీ రాయైపోయిన ఎముక. సరేనన్నాను.

మా కడప రాళ్లలో డైనోసార్లు దొరకవు. మన బండలు వాటికంటే ఎంతో ముసలివి. లోకంలో ఎముక అనేది పుట్టకముందే అవి గట్టిపడిపోయాయి. అందుకని మా పని వేరే చోట్ల దొరికిన వాటి మీద, అదీ చాలావరకు అచ్చుల మీద సాగుతుంది. మేడం నాకు ఇచ్చింది ఒక థర్మాకోల్ పెట్టె. అందులో దూది మధ్య, గోధుమ రంగు వేసిన ప్లాస్టర్ ముక్కలు ఉన్నాయి. జబల్‌పూర్ వైపు ఆంగ్లేయుల కాలంలో తవ్వినప్పుడు దొరికిన ఒక చిన్న డైనోసార్ ఎముకలకు అచ్చులవి. మెడపూసలు కొన్ని, వీపు పూస ఒకటి. ఆ జంతువు గురించి లోకానికి తెలిసింది దాదాపు అంతే.

"పట్టుకుని చూడు," అన్నారు మేడం. "అసలైనవి బోలుగా, లోపల గాలి అరలతో ఉంటాయి. పక్షుల ఎముకల్లాగా. రెండు కాళ్ల మీద పరుగెత్తే తేలికపాటి జంతువు. బాగా పెరిగినా మేకంత ఉంటుందేమో."

పక్షి అనగానే నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. కానీ పెట్టెలో తల లేదు, కాళ్లు లేవు. నన్ను భయపెట్టే భాగాలేవీ లేవు. ఒక చిత్రకారుడు గీసిన బొమ్మ మేడం కంప్యూటర్లో ఉంది. ఒళ్లంతా సన్నటి నూగు, వంకీ తిరిగిన మెడ, ముందుకు వంగిన నడక. "ఇందులో మనకు ఆధారం ఉన్నది ఇక్కడి నుంచి ఇక్కడికే. మిగిలిందంతా ఊహ," అని మేడం మెడ మీద వేలు పెట్టి చూపించారు. నాకు ధైర్యం వచ్చింది. మిగిలినదంతా ఊహే కదా, నేను ఊహించకపోతే సరిపోతుంది.

అలా కొన్ని నెలలు గడిచాయి. పూసలు కొలిచాను, గీశాను, ఏది ఏ వరసలో ఉండేదో ఆలోచించాను. కళ్లు మూసుకుని తడిమినా ఏ పూసో చెప్పగలిగేంతగా నా వేళ్లకు అలవాటయ్యాయి. అప్పుడు మేడం అన్నారు: "పూసలు ఒకదాని మీద ఒకటి ఎలా కదిలేవో తెలియాలంటే బతికున్న మెడ చూడాలి. కోడిది మరీ చిన్నది. ఎక్కడైనా ఈము పక్షి దొరుకుతుందేమో కనుక్కో. అది మెడ తిప్పేటప్పుడు వీడియో తియ్యి. చచ్చిపోయినది దొరికితే మెడ ఎముకలు తెచ్చుకో."

కాదనడానికి నా దగ్గర చెప్పుకోదగ్గ కారణం లేదు.

మా బావ బస్సు కండక్టరు. కడప నుంచి వేంపల్లె మీదుగా పులివెందుల పోయే బస్సులో డ్యూటీ. అడిగిన రెండోరోజే కబురు తెచ్చాడు. "వేంపల్లె పక్కన ఒక చీనీతోటలో ఉండాయంట. ఒకప్పుడు మందలు మందలుగా సాకినారు కదా, అప్పటియి. అందరూ వదిలేసినారు గానీ ఆ ముసలోళ్లు రెండింటిని ఇడిసిపెట్టకుండా పెట్టుకున్యారంట."

వేంపల్లెలో దిగి ఆటోలో ఆ బత్తాయితోటకు పోయాను. తోట యజమాని భార్య అరవై దాటిన మనిషి, సన్నగా, గట్టిగా ఉంది. నన్ను చూడగానే నీళ్లిచ్చి, "బస్సాయప్ప మరదలివి గదా, రా పాపా," అంది. ఆమెను నేను పెద్దమ్మా అన్నాను. ఆమె మొగుడు వాకిట్లో నులకమంచం మీద కూర్చుని తాళాలు తుడుచుకుంటున్నాడు. ఆయన భజన గుంపు మనిషి.

చీనీచెట్ల వెనక ఇనుప కంచె, కంచె లోపల రేకుల పాక. ముందు నాకేమీ కనిపించలేదు. దూరంగా ఎవరో డప్పు మీద మెత్తగా దరువేస్తున్నట్టు వినిపించింది. చెవిలో కాదు, కడుపులో వినిపించింది.

"ఎవరు పెద్దమ్మా, డప్పు కొడుతున్నారు?"

"డప్పు యాడిది? అది దాని గొంతే. ఆడది. మనిషి వచ్చిందని తెలిసిపోయింది దానికి."

పాక నీడలోంచి అది బయటికి వచ్చింది. నా ఎత్తు ఉంది. మెడ నిటారుగా ఎత్తి ఒక కన్నుతో నన్ను చూసింది, తర్వాత తల తిప్పి రెండో కన్నుతో చూసింది. కంటి మీద పల్చటి తెర ఒకటి పక్క నుంచి వచ్చిపోయింది. నేను కంచె వెంట నాలుగడుగులు వేస్తే అదీ వేసింది. ఆగితే ఆగింది. ఫోను పైకెత్తాను గానీ తెరలో బొమ్మ నిలవలేదు. కాళ్ల వైపు చూడకూడదని అనుకుంటూనే చూశాను. మూడు వేళ్లు, ఒక్కొక్కటి నా బొటనవేలి కంటే లావు. ఎత్తినప్పుడు ముడుచుకుంటున్నాయి. దించేటప్పుడు విచ్చుకుంటున్నాయి.

నేను కిందనే, మట్టిలోనే కూర్చుండిపోయాను.

పెద్దమ్మ నవ్వలేదు. ఫోను తన చేతిలోకి తీసుకుని, "యాడ నొక్కాల చెప్పు. నేను తీస్తా. నువ్వు ఆ పక్కకు తిరిగి కూచో," అంది. నా మొదటి వీడియోలన్నీ ఆమె తీసినవే. సగం వాటిలో ఆమె బొటనవేలు అడ్డం ఉంటుంది.

ఆ తర్వాత చాలాసార్లు పోయాను. ప్రతిసారీ వేంపల్లె దగ్గరపడుతుంటే, పాఠానికి భయపడే పిల్లల్లాగా ఈ రోజు బస్సు చెడిపోతే బాగుండు అనుకునేదాన్ని. అంతకంటే చెడ్డది ఇంకొకటి జరగడం మొదలైంది. యూనివర్సిటీలో మా విభాగంలో పెట్టె తెరిచి పూసలు పేర్చుతుంటే, వాటి చివర ఆ కన్ను, కింద ఆ కాళ్లు వచ్చి అతుక్కునేవి. ఊహించకపోతే చాలుననుకున్నదాన్ని, ఊహించకుండా ఉండలేకపోయాను. పెట్టెను నా బల్ల మీద నుంచి తీసి అల్మారాలో పెట్టి తాళం వేసేదాన్ని. ప్లాస్టర్ ముక్కలకు తాళం ఎందుకని పక్క సీటు అమ్మాయి అడిగితే, పగులుతాయేమోనని అన్నాను.

చలికాలం పోయి ఎండలు మొదలయ్యే వేళకు ఆడది గుడ్లు పెట్టింది. ముదురాకుపచ్చ రంగు గుడ్లు, నున్నగా తోమిన రాళ్లలా ఉన్నాయని పెద్దమ్మ ఫోనులో చెప్పింది. ఈముల్లో పొదిగేది మగది. అది తిండి కూడా సరిగా తినకుండా వాటి మీదే కూర్చుందట. "ఇప్పుడు నేను పోయినా ఒప్పుకోదు పాపా. మెడ ఉబ్బిచ్చి బుస్సుమంటాండాది," అంది.

ఒంటిమిట్ట కల్యాణం రోజులవి. ఆమె మొగుడు భజన గుంపుతో అక్కడికి పోయాడు. ఆ మరుసటి పొద్దున్నే పెద్దమ్మ ఫోను చేసింది.

"ఆడది సచ్చిపోయిందే పాపా. రేత్రి బాగానే ఉండె. తెల్లారి సూస్తే తొట్టి కాడ పడిపోయుండాది. నీకు ఎముకలు కావల్లంటివి గదా, బిరీన రా. ఈ ఎండకు నిలవదు."

గొంతులో ఏడుపు ఉంది. పద్నాలుగు పదిహేనేళ్లు సాకిన పక్షి అది.

నేను చేతి తొడుగులు, కత్తి, గోనెసంచి, ఉప్పు తీసుకుని బయలుదేరాను. చచ్చినదాన్ని ముట్టుకోవడానికే దారి పొడుగునా గుండె దిటవు చేసుకున్నాను. బతికున్నదాని గురించి ఆలోచించలేదు.

తొట్టి కంచెకు లోపలి మూల ఉంది. చచ్చిన పక్షి దాని పక్కన ఒక గడ్డివాములా పడి ఉంది. దానికి పదడుగుల అవతల, పాక కింద, మగది గుడ్ల మీద కూర్చుని ఉంది. మెడ నేలకు ఆనించి, కదలకుండా. చూస్తే కొమ్మ విరిగి పడినట్టుంది.

"నేను పోయి కాళ్లకు తాడు కట్టొస్తా. నువ్వు తాడు కొస పట్టుకుని గేటు బయటే ఉండు. ఇద్దరం ఈడ నుంచే లాగుదాం," అంది పెద్దమ్మ.

"అది లేస్తే?"

"లేచ్చే లేచ్చాది. నన్ను ఎరగదా అది? తలకాయ మీద గుడ్డ పడితే ఏ ఈము కోడైనా నిలబడిపోతాది, మందలు తోలేటప్పుడు అట్లనే సేస్తాంటిమి," అని భుజం మీది తువ్వాలు చూపించి లోపలికి పోయింది.

ఆమె వంగి తాడు ముడి వేస్తుండగా నేను మగదాన్నే చూస్తున్నాను. కొమ్మలా పడి ఉన్న మెడ నేల మీద నుంచి లేచింది. అరవడానికి నోరు తెరిచాను. అది పరుగెత్తినట్టు కూడా లేదు. పాక కింద ఉన్నది ఆమె ముందర ఉంది, అంతే. ఒక కాలు ఎత్తి ముందుకు, కిందికి తన్నింది. పెద్దమ్మ వెల్లకిలా పడింది. తువ్వాలు ఎగిరి తొట్టి అవతల పడింది.

మోకాలి పైన చీర చీలిపోయింది. ముందు తెల్లగా కనిపించింది. తర్వాత ఎర్రగా.

మగది ఆమె చుట్టూ ఒక్క చుట్టు తిరిగి గుడ్ల దగ్గరికి పోయి నిలబడింది. పెద్దమ్మ మోచేతుల మీద లేవబోయింది. అది మళ్లీ రెండడుగులు వచ్చింది. ఆమె పడుకుండిపోయింది. అది ఆగింది.

"పాపా," అంది పెద్దమ్మ, ఆకాశం వైపు చూస్తూనే. "నువ్వు రావాకు. గేటెయ్యి. పక్క తోటలో మా మరిది ఉంటాడు, కేకెయ్యి."

గేటు వేశాను. కేకేశాను. చీనీచెట్ల అవతల మోటారు ఆడుతున్న చప్పుడు తప్ప జవాబు లేదు. పరుగెత్తిపోయి పిలుచుకురావచ్చు. కానీ ఆమె కాలి కింద మట్టి నల్లబడుతోంది. ఆమె చెయ్యి గాయాన్ని నొక్కి పట్టుకోవాలని చూస్తోంది, కదిలితే అది వస్తోంది. నేను గేటు ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. నా చెయ్యి కడ్డీని తీయడం లేదు. నేను తియ్యమంటున్నాను, అది తియ్యడం లేదు. ఇది జరుగుతున్నది నాకు కాదన్నట్టు, ఎవరిదో చెయ్యి అన్నట్టు దాన్ని చూశాను.

"పాపా, నాకు కండ్లు తిరుగుతాండాయి," అంది పెద్దమ్మ, చాలా మామూలుగా.

కడ్డీ ఎలా వచ్చిందో తెలియదు. నేను లోపల ఉన్నాను. మెడలోని చున్నీ తీసి రెండు చేతుల్లో పరిచి పట్టుకున్నాను. ఏడుస్తున్నానని ఆ తర్వాత పెద్దమ్మ చెప్పింది. నాకు తెలియలేదు. మగది నా వైపు తిరిగి మెడ ఉబ్బించింది. ఈకలు లేచి మెడ రెండింతలైంది. అది తల వెనక్కి తీసుకున్నప్పుడు మెడ కింద ఒక వంపు, పైన ఒక వంపు పడ్డాయి. సరిగ్గా ఏ పూస దగ్గర వంగిందో చూశాను. అంత భయంలో అది ఎందుకు చూశానో నాకిప్పటికీ తెలియదు.

చున్నీ విసిరాను. సగమే పడింది. ముక్కుతో పట్టి లాగేసింది. నేను వదల్లేదు. దాని తల నా ముఖానికి జానెడు దూరంలోకి వచ్చింది. కాలు ఎత్తడం కనిపించింది. ఇంక వెనక్కి పోయే చోటు లేక ముందుకే పోయాను. ఒక చేత్తో దాని మెడ పట్టుకున్నాను.

వేడిగా ఉంది. ఈకల కింద వదులు చర్మం, చర్మం కింద పూసలు. నా పిడికిట్లో అవి ఒకదాని మీద ఒకటి జరిగాయి, తిరిగాయి, మళ్లీ సర్దుకున్నాయి. ఇన్ని నెలలుగా నా వేళ్లు బల్ల మీద తడిమిన ఆకారాలే. ఒక్కొక్కటీ తెలిసినదే. అవి కదులుతున్నాయి. అప్పుడు నాకు కలిగిన భయానికి పేరు పెట్టలేను. అది ఈ పక్షి ఒక్కదాని భయం కాదు. ఆ పెట్టెలోది కూడా ఒకప్పుడు ఇలాగే వేడిగా ఉండేదని, ఇలాగే ఎవరి మీదికో మెడ సాచేదని నా చేతికి తెలిసిపోయింది.

రెండో చేత్తో చున్నీని దాని తల మీదికి లాగేశాను.

అది ఆగిపోయింది. ఎత్తిన కాలు మెల్లగా దించింది. గుడ్డ కింద ముక్కుతో బరువుగా ఊపిరి తీస్తూ, అలాగే నిలబడిపోయింది. చెయ్యి వదిలాను. పెద్దమ్మ చంకల కింద చేతులు వేసి, వెనక్కి చూడకుండా గేటు దాకా ఈడ్చుకొచ్చాను. అంత బలం నాలో లేదు, ఎక్కడి నుంచో వచ్చింది. గేటు వేసి ఆమె గాయానికి చీరకొంగు బిగించి కట్టి, పక్క తోటకు పరుగెత్తాను. మరిది ఆటో పిలిచాడు. వేంపల్లె ఆసుపత్రిలో కుట్లు వేశారు. గాయం లోతుగా ఉంది గానీ పెద్ద నరం తెగలేదన్నారు. అప్పుడు చూసుకుంటే నా మోచేతి మీద కూడా గోటి గీత ఒకటి ఉంది. ఎప్పుడు పడిందో.

సాయంత్రానికి ఒంటిమిట్ట నుంచి పెద్దాయన వచ్చాడు. భార్య మంచం పక్కన నిలబడి, "నన్ను ఆడికి పంపిచ్చి నువ్వు ఈడ యుద్ధం సేసినావా?" అన్నాడు. కోపంగా అంటూనే ఆమె కాలి మీది దుప్పటి సర్దాడు. ఆమె మాత్రం మగది ఎండలో చున్నీతో నిలబడే ఉందేమో, పోయి తీసిరమ్మని వాళ్ల మరిదితో పోట్లాడుతోంది. అది అప్పటికే విదిలించుకుని గుడ్ల మీద కూర్చుందట.

తాడు కట్టే ఉంది కాబట్టి, చచ్చినదాన్ని మరిది బయటి నుంచే లాగి, మెడ కోసి, నా గోనెసంచిలో ఉప్పేసి మా బావ బస్సులో పంపాడు. ఆ కంపుకు బస్సులో ముందు సీట్లు రెండు ఖాళీ అయ్యాయని బావ వారం రోజులు నన్ను తిట్టాడు. ఇంట్లో అమ్మ నా మోచెయ్యి చూసి, శుక్రవారం మళ్లీ దర్గాకు పోదామంది. పోయాను.

విభాగం వెనక కట్టెల పొయ్యి మీద, పాత నూనె డబ్బాలో ఆ మెడను ఉడకబెట్టాను. పూసలు ఒక్కొక్కటీ కడిగి, ఆరబెట్టి, అచ్చుల పక్కన వరసగా పేర్చాను. మేడం వాటిని ఒక్కొక్క జతగా పట్టి చూశారు. కొన్ని సంగతులు తేలాయి. పూసల అంచులు కలిసే తీరు చూస్తే ఆ జంతువు మెడ కింది భాగం ఈముకున్నంతగా వంగి ఉండదు. చాలా సంగతులు తేలలేదు. అన్ని తక్కువ ముక్కలతో అంతకు మించి చెప్పడం సాహసమవుతుందని మేడం అన్నారు. అది ఏం తినేదో, ఎలా అరిచేదో, ఒంటి మీద నిజంగా నూగు ఉండేదో లేదో ఎవరికీ తెలియదు. నేను రాసినదాంట్లో అదే రాశాను. ఇప్పుడు పెట్టె నా బల్ల మీదే ఉంటోంది. తాళం వేసినా వేయకపోయినా ఒకటేనని అర్థమైంది. అందులోని మెడ కదులుతుందని నాకు తెలుసు.

నడి ఎండల్లో పెద్దమ్మ మళ్లీ ఫోను చేసింది. పిల్లలు లేచాయట. పోయాను. ఆమె కర్ర పట్టుకుని కుంటుతూ ఎదురొచ్చింది. కంచె లోపల మగది చిక్కి సగమై నడుస్తోంది. దాని కాళ్ల మధ్య గోధుమ, తెలుపు చారల పిల్లలు మూడు ఉన్నాయి.

"నీ రాచ్చసబల్లి కూడా పిల్లల్ని ఇట్లనే ఏసుకుని తిరుగుతాండెనా?" అంది.

"తెలీదు పెద్దమ్మా."

"అంత సదువు సదివి అన్నీ తెలీదు తెలీదంటావు," అని నవ్వి, "లోపలికి రా, ఇప్పుడేం సెయ్యదు," అంది.

"వద్దులే," అన్నాను. ఇద్దరం వాకిట్లోకి వచ్చి మజ్జిగ తాగుతున్నాం. చారల పిల్ల ఒకటి ఎలా దూరిందో కంచె కింద నుంచి దూరి, చీనీచెట్ల మధ్య నుంచి ఊగుతూ ఊగుతూ నేరుగా నా దగ్గరికే వచ్చింది. కోడిపెట్టంత కూడా లేదు. నా చెప్పును ఒకసారి పొడిచింది.

నేను మజ్జిగ గ్లాసుతో సహా నులకమంచం ఎక్కేశాను. పెద్దమ్మ కుట్ల కాలు పట్టుకుని, "నవ్విచ్చాకు పాపా, నొప్పి, నొప్పి," అంటూ కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాత పిల్లను చెంగులో వేసుకుని కుంటుకుంటూ కంచె వైపు పోయింది. ఆమె తిరిగి వచ్చి గేటు వేశానని చెప్పేదాకా నేను మంచం దిగలేదు.